షార్ప్ ఆబ్జెక్ట్స్ (నవల, టీవీ ధారావాహిక)

'షార్ప్ ఆబ్జెక్ట్స్' అమెరికన్ రచయిత్రి గిలియన్ ఫ్లిన్ తొలి నవల. 2006 సెప్టెంబరులో వెలువడింది. పన్నెండేళ్ల తర్వాత, 2018లో హెచ్‌బీవో సంస్థ దీన్ని ఎనిమిది భాగాల ధారావాహికగా తీసింది. ఇద్దరు చిన్నపిల్లల హత్యల గురించి రాయడానికి సొంత ఊరికి వెళ్లిన ఒక విలేకరి, తను పుట్టి పెరిగిన ఇంట్లోనే ఎప్పుడో జరిగిన మరో హత్యను కనిపెట్టడం ఇందులోని కథ. పైకి నేరపరిశోధన కథలా సాగినా దీని అసలు విషయం పెంపకం. బిడ్డను సాకే చేయి బిడ్డను చంపే చేయి కూడా అయితే, చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని ఎంతకాలం ప్రేమ అనుకోగలరు అన్నది ఈ కథ అడిగే ప్రశ్న. కుటుంబ రహస్యాల చుట్టూ అల్లిన మనోవైజ్ఞానిక థ్రిల్లర్లలో ఇరవై ఒకటో శతాబ్దంలో ఎక్కువ చర్చకు వచ్చిన రచనల్లో ఇదొకటి.

ఈ వ్యాసంలో కథ ముగింపు కూడా వివరించబడింది.

రచయిత్రి, నేపథ్యం

గిలియన్ ఫ్లిన్ 1971 ఫిబ్రవరి 24న మిస్సోరి రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో పుట్టింది. తల్లిదండ్రులిద్దరూ అధ్యాపకులు. తండ్రి సినిమా పాఠాలు చెప్పేవాడు. కాన్సస్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పాత్రికేయ విద్య పూర్తి చేసింది. నేరవార్తల విలేకరి కావాలనుకుంది గానీ ఆ పనికి కావలసిన మొండితనం తనకు లేదని తేల్చుకుని, 'ఎంటర్‌టైన్‌మెంట్ వీక్లీ' పత్రికలో చేరి సినిమాలు, టీవీ కార్యక్రమాల గురించి రాసింది. ఆ ఉద్యోగంలో ఉండగానే ఈ నవల రాసింది. హత్య జరిగిన ఇళ్ల తలుపు తట్టి, ఏడుస్తున్న తల్లిదండ్రులను ప్రశ్నలడగవలసి వచ్చే కథానాయికను సృష్టించడంలో ఆ వదులుకున్న వృత్తి జాడ కనిపిస్తుంది.

మగవాళ్ల కోపం, హింస, తరతరాల పగలు సాహిత్యం నిండా ఉన్నాయి. ఆడవాళ్లలోని క్రూరత్వం గురించి మాత్రం నిజాయితీగా రాసినవాళ్లు తక్కువని ఫ్లిన్ అభిప్రాయం. ఈ నవలకు పునాది అదే. తర్వాత ఆమె రాసిన 'డార్క్ ప్లేసెస్' (2009), 'గాన్ గర్ల్' (2012) నవలలు కూడా ఆ దారిలోవే. మొదటిదానిలో తల్లి, అక్కలు హత్యకు గురికాగా బతికి బయటపడ్డ కూతురు, రెండోదానిలో ఒక దాంపత్యం లోపలి యుద్ధం కథావస్తువులు. 'గాన్ గర్ల్'ను 2014లో డేవిడ్ ఫించర్ సినిమాగా తీశాడు.

స్థలం

కథ జరిగే విండ్ గ్యాప్ కల్పిత పట్టణం. మిస్సోరి రాష్ట్రం ఆగ్నేయ మూల, పటంలో బూటు మడమలా కిందికి పొడుచుకు వచ్చిన ప్రాంతంలో ఉన్నట్టు రచయిత్రి చెబుతుంది. రెండువేల పైచిలుకు జనాభా. ఊరికి ఆధారం పందుల పెంపకం, మాంసం పరిశ్రమ. ఊళ్లో ఉన్నవి రెండే వర్గాలు: తరాలుగా డబ్బున్న కొద్ది కుటుంబాలు, వాళ్ల కింద పనిచేసే మిగతా జనం. పందుల వ్యాపారం కథానాయిక తల్లి కుటుంబానిది. అంటే ఊరి ఉప్పు తినేవాళ్లంతా ఒకరకంగా ఆ ఇంటి ఉప్పు తినేవాళ్లే. ఆ ఇంటి గురించి ఎవరూ నోరు విప్పకపోవడానికి మర్యాద ఒక కారణమైతే జీతం రెండో కారణం.

అమెరికా అంతర్యుద్ధంలో మిస్సోరి బానిసత్వం ఉన్న రాష్ట్రమైనా సమాఖ్యను వీడలేదు. మనసు మాత్రం రెండుగా చీలిపోయింది. దక్షిణాది పాతకాలపు పెద్దరికం, ఆడవాళ్ల నాజూకుతనం గురించిన పట్టింపులు ఇప్పటికీ వదలని ఊరిగా విండ్ గ్యాప్ కనిపించడానికి ఈ చరిత్ర తోడ్పడింది. విలియం ఫాక్నర్, ఫ్లానరీ ఓకానర్ వంటివారి పేరుతో స్థిరపడ్డ దక్షిణాది గోథిక్ సంప్రదాయానికి ఈ నవలను వారసురాలిగా విమర్శకులు చూడటానికి కారణం ఇదే.

కథ

కెమిల్ ప్రీకర్ షికాగోలో 'డైలీ పోస్ట్' అనే ఓ మోస్తరు పత్రికలో విలేకరి. కొద్దికాలం కిందటే మానసిక చికిత్సాలయం నుంచి బయటికి వచ్చింది. విండ్ గ్యాప్‌లో యాన్ నాష్ అనే తొమ్మిదేళ్ల పాప హత్య జరిగిన కొన్ని నెలలకు నాటలీ కీన్ అనే పదేళ్ల పాప కనిపించకుండా పోతుంది. సంపాదకుడు ఫ్రాంక్ కరీ ఆ వార్త కోసం కెమిల్‌ను పంపుతాడు. ఆమె ఊళ్లో ఉండగానే నాటలీ శవం నడివీధిలో, రెండు భవనాల మధ్య సందులో దొరుకుతుంది. ఇద్దరు పిల్లలనూ గొంతు బిగించి చంపి, పళ్లు పీకేశారు.

కెమిల్ తల్లి అడోరా ఇంట్లో దిగుతుంది. తండ్రెవరో కెమిల్‌కు తెలియదు. మారుతండ్రి ఆలన్ ఉన్నా లేనట్టే ఉండే మనిషి. చెల్లెలు మారియన్ ఎప్పుడూ జబ్బుతో ఉండి, కెమిల్‌కు పదమూడేళ్లప్పుడు చనిపోయింది. ఆ తర్వాత పుట్టిన చెల్లెలు ఆమాకు ఇప్పుడు పదమూడేళ్లు. ఇంట్లో గౌనులు తొడుక్కుని బొమ్మరిల్లుతో ఆడుకునే పసిపిల్ల. గడప దాటితే ఊరి పిల్లలను గడగడలాడించే నాయకురాలు. ఆ బొమ్మరిల్లు తమ ఇంటికి అచ్చు నకలు. తల్లి గదిలోని దంతపు నేల దగ్గర్నుంచి కర్టెన్ల దాకా ఒక్కటీ తేడా రాకూడదని ఆమా పట్టుబడుతుంది.

పోలీసు అధికారి విక్రీ, కాన్సస్ సిటీ నుంచి వచ్చిన డిటెక్టివ్ రిచర్డ్ విల్లిస్ మగ హంతకుడి కోసం వెతుకుతుంటారు. ఊరి అనుమానం నాటలీ అన్న జాన్ మీద. చెల్లెలి కోసం అతడు అందరి ముందూ ఏడ్చాడు. మగపిల్లవాడు అలా ఏడవడం ఊరికి వింతగా, తప్పుగా తోచింది. నాటలీని తెల్లబట్టల్లో ఉన్న ఆడమనిషి లాక్కెళ్లడం చూశానని ఒక పేదింటి కుర్రవాడు చెబుతాడు. ఆ మాటను ఎవరూ లెక్కచేయరు. నేరానికి ఊరు గీసుకున్న బొమ్మలో ఆడమనిషికి చోటు లేదు.

రిచర్డ్ మారియన్ పాత వైద్య పత్రాలు సేకరించడంతో కథ మలుపు తిరుగుతుంది. ఆ పాపకు అసలు జబ్బే లేదని, తల్లి మీద అనుమానం ఉందని అప్పట్లోనే ఒక నర్సు రాతపూర్వకంగా చెప్పింది. అది పట్టించుకున్నవారు లేరు. అడోరా కూతురికి మందుల పేరుతో విషం పెడుతూ, జబ్బు తెప్పిస్తూ, సేవ చేస్తూ, ఊరి సానుభూతి అందుకుంటూ చివరికి చంపింది. ఇప్పుడు ఆమాకు అదే జరుగుతోంది. ఆధారం కోసం కెమిల్ తన ఒంటినే ఒడ్డి తల్లి చేతి మందు తాగుతుంది. రిచర్డ్, కరీ సమయానికి వచ్చి కాపాడతారు. ఇంట్లో రక్తం మరకలున్న పటకారు దొరకడంతో పిల్లల హత్యలు కూడా అడోరా చేసినవే అని అంతా నమ్ముతారు.

కెమిల్ ఆమాను షికాగో తీసుకెళ్లి పెంచుతుంది. కొద్దికాలానికి ఆమాతో చదివే ఒక పిల్ల హత్యకు గురవుతుంది. బొమ్మరింట్లో తల్లి గది నేలను దగ్గరగా చూసిన కెమిల్‌కు, దంతానికి బదులు పేర్చి ఉన్నవి మనిషి పళ్లని అర్థమవుతుంది. యాన్, నాటలీలను చంపింది ఆమా. తల్లి ఆ పిల్లలను చేరదీయడం చూసి ఓర్వలేక, స్నేహితురాళ్ల సాయంతో చేసింది. మారియన్ హత్యకు అడోరా, పిల్లల హత్యలకు ఆమా జైలుపాలవుతారు. కుప్పకూలిన కెమిల్‌ను కరీ, అతని భార్య తమ ఇంటికి తీసుకెళ్లి బిడ్డలా చూసుకుంటారు.

పాత్రలు: మూడు తరాల తల్లులు

కథకు వెన్నెముక అడోరా. ఆమె పదిహేడేళ్లకే గర్భవతి అయింది. ఆమె తల్లి జోయా కూడా కూతుర్ని ప్రేమగా పెంచలేదని నవల సూచిస్తుంది. ప్రేమను నేర్చుకోని బిడ్డ తల్లి అయినప్పుడు, ప్రేమకు బదులు పరిచర్యను పట్టుకుంది. మనసు కలతపడ్డప్పుడల్లా కనురెప్పల వెంట్రుకలు పీక్కునే అలవాటు ఆమెకుంది. మర్యాదస్థురాలి ముసుగు ఎక్కడ చిరుగుతుందో పాఠకుడికి చూపే చిన్న గుర్తు అది.

కెమిల్ చిన్నప్పుడు తల్లి ఇచ్చే మందులు తాగనని మొరాయించింది. అందుకే బతికింది, అందుకే తల్లి ప్రేమకు దూరమైంది. ఆ ఇంట్లో ప్రేమ పొందడానికి జబ్బు పడటం ఒక్కటే దారి. ఆ లోటు ఆమె ఒంటిమీదికే తిరిగింది. పదమూడేళ్ల వయసు నుంచి తన చర్మం మీద మాటలు గాట్లుగా రాసుకుంది. ముఖం, చేతులు తప్ప ఒళ్లంతా మచ్చలే. మండు వేసవిలో కూడా పొడుగు చేతుల దుస్తుల్లో తిరుగుతుంది. మనసు బెదిరినప్పుడు ఏదో ఒక మాట ఆమె చర్మం మీద మండుతుంది. ఏ మాట ఎప్పుడు మండిందో పాఠకుడు గమనిస్తే, ఆమె తనకు తాను ఒప్పుకోని భయాలు ముందే తెలిసిపోతాయి. కథకురాలు దాచినదాన్ని ఆమె దేహం బయటపెట్టేస్తుంటుంది. ఉత్తమపురుషలో సాగే ఈ నవలలో రచయిత్రి పట్టుకున్న పదునైన ఉపాయం ఇది.

ఆమా ఈ ఇద్దరికీ మధ్య దారి. తల్లి మందు తాగుతుంది, ప్రేమ పొందుతుంది. ఆ లొంగుబాటుకు బదులు బయట హింసతో తీర్చుకుంటుంది. తల్లి చేతిలో తాను బొమ్మ అయిన పిల్ల, బొమ్మరింట్లో మాత్రం యజమానురాలు.

కంచే చేను మేసిన ఈ ఇంట్లో చూస్తూ ఊరుకున్నవాళ్ల పాత్ర తక్కువేమీ కాదు. ఆలన్ ఇంట్లోనే ఉన్నాడు. అడోరా స్నేహితురాలు జాకీకి అనుమానం ఎప్పటినుంచో ఉంది. ఆసుపత్రి పత్రాలు ఉన్నాయి. రహస్యం ఎవరికీ తెలియక మిగిలిపోలేదు. తెలిసినవాళ్లు దానికి మాతృప్రేమ అని పేరు పెట్టి పక్కన పెట్టారు. ఇలాంటి కథల్లో మామూలుగా అటకమీదో నేలమాళిగలోనో దాగి ఉండే రహస్యం, ఇక్కడ నట్టింట్లో అందరి కళ్లముందే ఉంటుంది.

వైద్య నేపథ్యం

అడోరా రుగ్మతను నవల 'మున్‌చౌజెన్ సిండ్రోమ్ బై ప్రాక్సీ'గా గుర్తిస్తుంది. లేని జబ్బులు చెప్పుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగేవారి స్థితికి 1951లో బ్రిటిష్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ మున్‌చౌజెన్ పేరు పెట్టాడు. కోతలు కోయడంలో పేరుమోసిన జర్మన్ బారన్ కథల నుంచి తీసుకున్న పేరది. 1977లో పిల్లల వైద్యుడు రాయ్ మెడో, తమ బిడ్డలకు జబ్బు ఉన్నట్టు కల్పించిన లేదా జబ్బు తెప్పించిన తల్లుల గురించి 'ది లాన్సెట్' పత్రికలో రాసినప్పుడు ఈ రెండో రూపం వైద్యలోకానికి తెలిసింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్ఎం-5లో దీనికి పాత పేరు తీసేసి, ఇతరులపై రుద్దిన కృత్రిమ రుగ్మత అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. రోగనిర్ధారణ బిడ్డకు కాదు, జబ్బు కల్పించినవారికి. బిడ్డ బాధితుడు.

డబ్బులాంటి పైకి కనిపించే లాభమేదీ లేకపోయినా మోసం సాగడం దీని లక్షణం. సేవ చేసే తల్లిగా దొరికే శ్రద్ధ, సానుభూతి, వైద్యుల మధ్య గౌరవం వంటివి దాని వెనక ఉండవచ్చు. అబద్ధపు లక్షణాలు నమ్మి పరీక్షలు, మందులు రాసే వైద్యులు తెలియకుండానే హింసలో భాగమవుతారు. వేర్వేరు ఆసుపత్రుల పత్రాలు ఒకచోట పెట్టి చూడటం, బిడ్డను సంరక్షకురాలి నుంచి వేరుచేసినప్పుడు లక్షణాలు తగ్గుతున్నాయేమో గమనించడం ద్వారా దీన్ని పసిగడతారు. నవలలో రిచర్డ్ చేసే పని మొదటిదే.

కథల్లోలా జీవితంలో ఇది సులువుగా తేలే విషయం కాదు. బ్రిటన్‌లో శిశుమరణాల కేసుల్లో మెడో ఇచ్చిన సాక్ష్యం తర్వాతి కాలంలో తీవ్ర విమర్శకు గురైంది. ఆయన చెప్పిన గణాంకాలు తప్పని తేలిన ఒక కేసులో, బిడ్డలను చంపిందన్న నేరంపై 1999లో శిక్షపడ్డ తల్లిని 2003లో న్యాయస్థానం విడుదల చేసింది. నిజమైన హింసను చూడకపోవడం ఎంత ప్రమాదమో, లేనిచోట చూడటం అంత ప్రమాదమని ఆ ఉదంతం చెబుతుంది.

కెమిల్ విషయంలో నవల చూపేది ఆత్మహత్య ఉద్దేశం లేకుండా తనను తాను గాయపరచుకోవడం. డీఎస్ఎం-5 దీన్ని మరింత అధ్యయనం అవసరమైన స్థితిగా పేర్కొంది. ఫ్లిన్ దాన్ని కుతూహలం రేపే విచిత్రంలా వాడుకోలేదు. బయటికి చెప్పే వీలులేని ఇంట్లో పెరిగిన పిల్లకు మిగిలిన ఒకే ఒక భాషగా చూపింది.

ఆదరణ, పురస్కారాలు

2007లో ఈ నవలకు బ్రిటన్ క్రైమ్ రైటర్స్ అసోసియేషన్ ఇచ్చే రెండు డాగర్ పురస్కారాలు దక్కాయి. ఒకటి తొలి నవలకు ఇచ్చే న్యూ బ్లడ్ డాగర్, రెండోది ఉత్తమ థ్రిల్లర్‌కు ఇచ్చే ఇయాన్ ఫ్లెమింగ్ స్టీల్ డాగర్. అమెరికాలో ఎడ్గార్ పురస్కారానికి తొలి నవలల విభాగంలో పోటీలో నిలిచింది. 'గాన్ గర్ల్' ప్రపంచమంతా అమ్ముడుపోయాక పాఠకులు వెనక్కి వచ్చి ఈ నవలను మళ్లీ చదివారు.

టీవీ ధారావాహిక

మార్టీ నాక్సన్ రూపకల్పన చేసిన ధారావాహిక ఎనిమిది భాగాలనూ కెనడా దర్శకుడు జాన్-మార్క్ వాలీ తీశాడు. రచనలో ఫ్లిన్ కూడా పాలుపంచుకుంది. 2018 జులై 8 నుంచి ఆగస్టు 26 వరకు ఆదివారాల్లో ప్రసారమైంది. విండ్ గ్యాప్ వీధులకు జార్జియా రాష్ట్రంలోని బార్న్స్‌విల్ పట్టణం వేదికైంది. కెమిల్‌గా ఏమీ ఆడమ్స్, అడోరాగా పాట్రీషియా క్లార్క్‌సన్, ఆమాగా ఎలైజా స్కాన్లెన్, రిచర్డ్‌గా క్రిస్ మెసీనా నటించారు. చిన్ననాటి కెమిల్ పాత్రలో సోఫియా లిల్లిస్ కనిపిస్తుంది.

నవలలో కెమిల్ గొంతు చేసే పనిని తెరమీద కూర్పు చేస్తుంది. గతం ఇక్కడ విడి సన్నివేశంగా రాదు. తలుపు తీస్తుంటే అరక్షణం, మెట్లెక్కుతుంటే అరక్షణం మెరిసి పోతుంది. చిన్న కెమిల్ ఒక గదిలోంచి బయటికి వస్తే పెద్ద కెమిల్ మరో గదిలోకి అడుగుపెడుతుంది. గోడల మీద, కారు మీద, దారి పలకల మీద మాటలు కనిపించి అంతలోనే మారిపోతాయి. ఆమె ఒంటిమీది మచ్చలు ఊరంతా పాకినట్టు ఉంటుంది. ప్రత్యేకంగా స్వరపరచిన నేపథ్య సంగీతానికి బదులు పాత్రలు వినే పాటలే వినిపిస్తాయి: కెమిల్ చెవుల్లో లెడ్ జెపెలిన్, ఆలన్ గదిలో ఖరీదైన పరికరం మీద పాత రికార్డులు. భార్య ఏం చేస్తోందో వినపడకుండా ఆలన్ పెట్టుకున్న అడ్డుగోడ ఆ సంగీతం.

నవలకు, ధారావాహికకు తేడాలున్నాయి. కెమిల్ పత్రిక షికాగో నుంచి సెయింట్ లూయిస్‌కు మారింది. నవలలో లేని కాల్హూన్ దినోత్సవాన్ని తెరమీద చేర్చారు. అంతర్యుద్ధ కాలంలో ఊరి వ్యవస్థాపకుడి బాలవధువు సమాఖ్య సైనికుల అత్యాచారాన్ని భరించి కూడా భర్త జాడ చెప్పలేదట. ఏటా అడోరా ఇంటి పచ్చికలో ఊరి పిల్లలు ఆ కథను నాటకంగా ఆడితే పెద్దలు పానీయాలు తాగుతూ చప్పట్లు కొడతారు. ఒక ఆడపిల్ల పడ్డ హింసను త్యాగంగా మార్చి పండగ చేసుకునే ఊరు, అడోరా ఇంట్లో జరిగేదాన్ని ఎందుకు గుర్తించలేకపోయిందో వివరించడానికి ఈ ఒక్క చేర్పు చాలు.

ముగింపు కూడా వేరు. నవల ఆమా నేరాన్ని, ఆ తర్వాతి కెమిల్ పతనాన్ని, కోలుకోవడాన్ని చెబుతుంది. ధారావాహిక మాత్రం పళ్ల నేల కనిపించిన మరుక్షణం ఆగిపోతుంది. హత్యలు ఎలా జరిగాయో పేర్లు పడుతుండగా కొద్ది క్షణాల మెరుపుల్లో చూపుతుంది. చివరిదాకా కూర్చోని ప్రేక్షకుడికి సగం కథ దక్కదు.

నెమ్మదిగా సాగుతుందని కొందరు విమర్శించినా నటనకు ప్రశంసలు దక్కాయి. క్లార్క్‌సన్‌కు 2019లో గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. ఎమ్మీ పురస్కారాలకు ధారావాహిక ఎనిమిది విభాగాల్లో పోటీపడింది. రెండో సీజన్ రాలేదు. వాలీ 2021 డిసెంబరులో మరణించాడు.

ప్రక్రియలో స్థానం

ఇంటి రహస్యాన్ని భయానికి మూలంగా మలచడం పాత పద్ధతే. షార్లెట్ బ్రాంటీ 'జేన్ ఐర్' (1847)లో మేడమీద బంధించిన భార్య, డాఫ్నీ డు మోరియే 'రెబెకా' (1938)లో చనిపోయి కూడా ఇంటిని ఏలే భార్య ఈ సంప్రదాయానికి తొలి మెట్లు. రాబర్ట్ బ్లాక్ నవల ఆధారంగా ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన 'సైకో' (1960) ఇందులోకి పెంపకాన్ని తెచ్చింది: హంతకుడి వెనక తల్లి. అయితే అక్కడ తల్లి చనిపోయి ఉంది, ఆమె గురించి మనకు తెలిసేదంతా కొడుకు రోగగ్రస్త మనసులోంచే. చివర్లో మనోవైద్యుడు వచ్చి అంతా విడమర్చి చెబుతాడు. హిచ్‌కాక్ 'మార్నీ' (1964)లోనైతే చిన్నప్పటి సంఘటన గుర్తుకు రావడంతోనే రోగం నయమయ్యే దారి దొరుకుతుంది.

'షార్ప్ ఆబ్జెక్ట్స్' ఆ పద్ధతిని రెండు చోట్ల మార్చింది. తల్లి ఇక్కడ బతికే ఉంది, మాట్లాడుతుంది, తన వైపు వాదన వినిపిస్తుంది. రెండోది, రహస్యం బయటపడటంతో చికిత్స పూర్తికాదు. తల్లి జైలుకు వెళ్లిన తర్వాతే ఆమా మరో హత్య చేసింది. నేరస్థురాలిని పట్టుకున్నా ఆమె పెంపకం పిల్లల్లో పనిచేస్తూనే ఉంటుంది. 2013 నుంచి 'డొమెస్టిక్ నోయిర్' అనే పేరుతో పిలుస్తున్న, ఇంటినే నేరస్థలంగా చూపే నవలల వరసకు ఫ్లిన్ రచనలు దారి వేశాయి. బిడ్డకు జబ్బు అంటగట్టే తల్లి కథావస్తువు 'ది యాక్ట్' (2019) ధారావాహికలో, 'రన్' (2020) సినిమాలో మళ్లీ వచ్చింది.

నవల చివర్లో కెమిల్ తనను తాను ఒక ప్రశ్న వేసుకుంటుంది. ఆమాకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చుని సేవ చేసింది. అది దయ వల్లనా, తల్లి నుంచి వచ్చిన రోగం వల్లనా? రెండింటి పనులూ పైకి ఒకేలా ఉంటాయి కాబట్టి ఆమెకు తేల్చుకోవడం కష్టమవుతుంది. ఈమధ్య మాత్రం దయ వైపే మొగ్గుతున్నానంటుంది. అడోరా ఈ ప్రశ్నను ఒక్కసారీ వేసుకోలేదు. తల్లీకూతుళ్లను వేరుచేసేదిగా నవల నిలబెట్టిన తేడా అదొక్కటే.